జేగంట లెక్క

మా తాతగారి వసారాలో దూలానికి ఒక జేగంట వేలాడేది. వంటిల్లు రెండు మండువాల అవతల. అతిథులు వస్తే తాతగారు లోపలికి కేక వేసేవారు కాదు; భోజనం చేస్తారా అని వాళ్ళను అడిగేవారూ కాదు. అడగడం మా ఇంట తప్పు. చెక్క సుత్తితో జేగంట కొట్టేవారు. ఎన్ని దెబ్బలో అన్ని విస్తళ్ళు, ఆయనది కూడా కలుపుకొని. వచ్చినవాళ్ళు అది వేళ తెలిపే గంట అనుకునేవారు. వాళ్ళు కాళ్ళు కడుక్కునేలోపు నానమ్మ ఎసట్లో బియ్యం పోసేది.

ఇల్లు అమ్మిన రోజు జేగంటను కూడా అక్కడే వదిలేశాం. దూలానికి ఉన్నది ఇంటితోనే పోవాలని నాన్నగారు విప్పనివ్వలేదు.

ఇప్పుడు నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. మేం తయారుచేసిన యాప్‌తో ఒక ఫోను పిచ్చుకపిల్లలా కూస్తుంది. పక్కనున్న ఫోను ఆ కూత విని, అందులో దాగిన మాటను తెర మీద చూపిస్తుంది. నెట్టు అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు. ఆ నెల మాకు మిగిలింది ఒకే ఒక బేరం, నేలమాళిగ గోదాములున్న ఒక యజమానిది. అదీ పోతే కంపెనీ మూసేస్తారు. యాభై దాటిన నేను ఉద్యోగం కోసం బ్రూక్‌ఫీల్డ్‌లోని బంధువుల గుమ్మం ఎక్కాలి. ఆ గుమ్మం ఎక్కనని ఎప్పుడో అనుకున్నాను.

గోదాముల యజమాని ఇద్దరు మేనేజర్లతో వచ్చారు. పెద్దవయసు మనిషి. ఆయన ఫోను బల్ల మీద పెట్టారు. నేను లేచి నిలబడి, నా ఫోను రెండు చేతుల్లో ఆయన ముందుకు చాచి, మీట నొక్కాను. కూత వచ్చిందో లేదో తెలియలేదు. ఆయన తెర ఖాళీగానే ఉంది. మళ్ళీ నొక్కాను. ఖాళీ. మా బాస్ నుదురు తుడుచుకున్నాడు. నెలల తరబడి ఒక్కసారీ తప్పని పరీక్ష అది.

మా జట్టులో యలహంక అమ్మాయి ఒకతె ఉంది. అక్కడే పుట్టిపెరిగిన తెలుగుపిల్ల. ఆమె ఇక ఆగలేకపోయింది.

"అదేంది సార్, తాంబూలం ఇచ్చినట్ల పట్టుకోనుండారు? కింద స్పీకరు మీ అరచేతిలోనే ఉండాది. పాపం, దానికి ఊపిరాడల్లా వద్దా? చెయ్యి తియ్యండప్పా!"

నిజమే. పరీక్షలన్నీ ఫోన్లు బల్ల మీద పెట్టే చేశాను. పెద్దల ముందు నిలబడగానే నా చేతులు వాటి పాత పని అవి చేశాయి. మా ఇంట పెద్దవాళ్ళకు ఒంటిచేత్తో ఏదీ ఇచ్చినవాళ్ళు లేరు.

ఫోను బల్ల మీద పెట్టి, ఒక్క వేలితో నొక్కాను. సన్నని కూత. ఆయన తెర వెలిగింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పైకే చదివారు: "మూడు విస్తళ్ళు."

"ఇదేం మాటండీ?" అన్నారు నవ్వుతూ.

పొద్దున అతిథులు ముగ్గురని విని, పాత అలవాటు కొద్దీ ఫోనులో రాసిపెట్టుకున్న మాట అది. చెప్పక తప్పలేదు. జేగంట సంగతి చెప్పాను. ఆ ఇంట్లో బియ్యం తక్కువైన ఆఖరి ఏళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ రోజుల్లో ముగ్గురు వస్తే జేగంట మూడుసార్లే మోగేది. తాతగారు ఎదురుగా కూర్చుని, "నాది ఇందాకే అయింది" అనేవారు. లోపల నానమ్మ కూడా ఆ లెక్క విని మూడు విస్తళ్ళకే బియ్యం పోసేది.

"మూడేనా సార్?" అంది ఆ అమ్మాయి. "మీరూ, మేమూ గాలి తినల్లా?"

పెద్దాయన గట్టిగా నవ్వారు. "భోజనం కానివ్వండి. ఆ తర్వాత సంతకం చేస్తాను. మా గోదాముల్లో మీ పిచ్చుకలు కూయనివ్వండి."

నేను ఫోను దగ్గరికి లాక్కున్నాను. మూడు చెరిపి ఆరు అని కొట్టాను. అరచెయ్యి దూరంగా పెట్టి, మీట నొక్కాను.