తపస్సు మాను మీద బఫూను

ఆ రోజుల్లో నాకున్న ఆస్తల్లా నోరొక్కటే. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం (తప్పు బడిదేనని ఇప్పటికీ నా నమ్మకం). ఆ తర్వాత బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేతులతో కాయలు కడిగేవాణ్ణి, నోటితో ఊరందరినీ కడిగేవాణ్ణి. మనిషికి నోరెంత పెద్దదైతే దాని వెనక అంత పెద్ద భయం దాక్కోవచ్చని అప్పట్లో ఎవరికీ తెలియదు. నా భయం ఎత్తు. మామిడితోపుల మధ్య పుట్టి మామిడిచెట్టెక్కలేని మొనగాణ్ణి నేను. కాయలు కోసే కాలంలో అందరికన్నా ముందు గంప పట్టుకుని చెట్టు కింద నిలబడి, పైనున్నవాళ్ళను నవ్విస్తూ ఉంటే, వీడెందుకు చెట్టెక్కడని ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా ఊరి తిరునాళ్ళలో వీధి నాటకం ఆడతారు. అందులో తపస్సు రోజుకు జనం విరగబడి వస్తారు. కథలో రాజకుమారుడు వరం కోసం కొండెక్కి తపస్సు చేస్తాడు. మా ఊళ్ళో కొండకు బదులు అరవై అడుగుల మాను నాటి, అడ్డంగా కట్టెలు కొట్టి మెట్లు చేసి, కొసన చిన్న పీట కడతారు. తపసి వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో కొంగులు పట్టుకుని నిలబడతారు. కాయ పడిన కొంగు పండుతుందని నమ్మకం. ఆ వేషం తాతల కాలం నుంచీ పెద్దవీధి వాళ్ళది. మా కాలనీకి డప్పులూ, రాక్షసులూ, బఫూనూ. “మీకైతే నల్లరంగు పూసే పని గూడా తప్పుతుంది” అని పెద్దవీధి వాళ్ళు నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం. (బఫూను నేనే. అందరికన్నా ముందు నవ్వాల్సిన బాధ్యత నాది.)

నవ్వని మనిషి మా అక్క. అంగన్‌వాడీలో పనిచేసేది. ఆ ఏడు తిరునాళ్ళ మీటింగులో లేచి నిలబడింది. ఎదురుగా తిరునాళ్ళ పెద్ద, మేం చాటుగా మీసాలాయన అని పిలుచుకునే పెద్దమనిషి.

“అయ్యా, మాను నరికి మోసకొచ్చేది మేము, గుంత తీసి నాటేది మేము. ఎక్కేదానికి మాత్రం పనికిరామా? ఎన్నేండ్లని మావాళ్ళు రాకాసి వేషాలే ఎయ్యాల?”

“తపసి అంటే రాజకుమారుడు గదమ్మా. ఆ రూపం ఉండొద్దా?”

“రాజకుమారుడు నలుపని మొన్న హరికథాయన మీ ముందరే సెప్పినాడు గదయ్యా. మీ అల్లుడికి నల్లరంగు పూస్తారా, రంగు ఖర్చు లేకుండా మావాణ్ణి ఎక్కిస్తారా?”

మీసాలాయన నవ్వాడు. ఆయన నవ్వితే ఎవరికో మూడిందని అర్థం. మూడింది నాకు. కిందటేడు ఆయన అల్లుడు తపసి వేషంలో సగం ఎక్కి ఆయాసంతో ఆగితే, కింద బఫూను టోపీలో ఉన్న నేను ఊరుకోకుండా, “సామీ, మీ పొట్ట ఇంకా కింద మెట్టుమీదే ఉండాది, దాన్ని గూడా పిలుసుకోండి!” అని అరిచాను. తిరునాళ్ళంతా పడీ పడీ నవ్వింది.

“సరే తల్లీ. నా అల్లుణ్ణి ఎగతాళి పట్టించినాడే మీ తమ్ముడు, వాణ్ణే ఎక్కమను. నడుమ దిగినాడంటే మాత్రం ఇంకెప్పుడూ మీ కాలనీ ఈ మాటెత్తగూడదు.”

“ఎత్తం” అంది అక్క, నావైపు చూడనైనా చూడకుండా. వెనక కూర్చుని బొరుగులు తింటున్న నేను పొట్లం పక్కవాడి చేతిలో పెట్టేశాను.

ఇంటికి రాగానే అక్క కాళ్ళమీద పడినంత పని చేశాను. “అక్కా, నాకు ఎత్తంటే భయం.”

“ఎంత ఎత్తు?”

“అటక కాడ్నుంచీ.”

అక్క నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “ఇన్నాళ్ళూ యాడ దాసిపెట్టినావురా దీన్ని?”

“నోట్లో.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “నేను మాత్రం భయం లేకనే లేసి నిలబడినానా? ఇదో, కాళ్ళు ఇంకా వణకతాండాయి సూడు. భయమైతే భయంతోనే ఎక్కు” అని లోపలికి పోయింది. చూశాను. నిజంగానే వణుకుతున్నాయి.

కంకణం కట్టుకుని ఒంటిపూట భోజనంతో నేను గడిపిన రోజుల్ని అందరూ నిష్ఠ అనుకున్నారు. అన్నం దిగక తినలేదని నాకే తెలుసు. మొక్కని దేవుడు లేడు. మా అమ్మ ఆదివారం పొద్దున చర్చికీ, మంగళవారం గంగమ్మకూ పోయే మనిషి కాబట్టి, నాకూ ఇద్దరితోనూ పరిచయం ఉంది. వానైనా రానీ, మాను విరగనైనా విరగనీ అని ఇద్దరికీ అర్జీ పెట్టాను. వాన రాలేదు. మాను నాటేరోజు మా నాయన గుంతను అవసరానికన్నా మూరెడు ఎక్కువ తవ్వాడు. ఎందుకని అడిగితే, “ఊగకుండా ఉండొద్దా?” అన్నాడు నా మొహం చూడకుండా. మాను మూరెడు పొట్టిదైంది. నాయనకు నా సంగతి ఎప్పటినుంచో తెలుసని నా అనుమానం.

తపస్సు రోజు సాయంత్రం, నాటకం నేర్పే వాద్యారు నాకు కిరీటం పెట్టి చెవిలో చెప్పాడు: “కిందికి సూడొద్దబ్బా. మెట్టు, పద్యం. మెట్టు, పద్యం. అంతే.” మొదటి పది మెట్లు అట్లాగే ఎక్కాను. నా గొంతు వణికితే జనం గమకమనుకుని చప్పట్లు కొట్టారు. ఇరవయ్యో మెట్టు దగ్గర గాలికి మాను కొంచెం, కొంచెమంటే కొంచెమే, కదిలింది. నా కుడికాలు నా మాట వినడం మానేసింది. మానును కావిలించుకుని కళ్ళు మూసుకున్నాను. పద్యం ఆగింది. డప్పులూ ఆగాయి.

“ఏమప్పా తపసీ, పొట్ట అడ్డమొచ్చిందా?” అని కిందనుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. నేను పెంచిన కుక్క నన్నే కరిచినట్టయింది. దిగిపోదామని ఎడమకాలు కిందికి జార్చాను.

“ఒరేయ్!” అక్క గొంతు. “పైనయితే ఒక్కతూరే సస్తావు. దిగినావంటే రోజూ నాతో సావాల!”

లెక్క సరిగ్గానే ఉంది. కాలు తీసి పై మెట్టు మీద పెట్టాను. తర్వాత ఏం పాడానో తెలియదు. పద్యాలన్నీ అయిపోయి ఎక్కాలు కూడా చదివానని వాద్యారు చెప్పాడు (పదమూడో ఎక్కం తప్పు చదివానట). చేతికి పీట తగిలింది. మానును ఒక చేత్తో పట్టుకుని, కళ్ళు తెరవకుండానే రెండో చేత్తో జోలెలోని నిమ్మకాయలు అందినట్టు విసిరాను. ఇటు పెద్దవీధి, అటు కాలనీ అన్న తేడా ఎక్కడ? నాకు ఆకాశం ఎటో నేల ఎటో కూడా తెలియదు. కింద కాసేపు చప్పుడే లేదు. కాలనీ కుర్రాడు విసిరిన కాయకు కొంగు ఎవరు పడతారు? భయంలోనూ ఆ సంగతి గుర్తొచ్చింది. అంతలో గాజుల చప్పుడు. పరుగులు. “నాకూ, నాకూ” అని అరుపులు.

దిగడం నావల్ల కాలేదు. వాద్యారే ఎక్కివచ్చి, నా పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని మెట్టు మీద పెడుతూ దించాడు. గురువే శిష్యుడి పాదాలకు మొక్కుతున్నాడనుకుని జనం చేతులు జోడించారు.

జరిగింది అక్క చెబితే తెలిసింది. ముందు ఎవరూ కదల్లేదట. తర్వాత మీసాలాయన కోడలు, పెళ్ళయి ఏడేండ్లయినా కడుపు పండని పిల్ల, అత్త చెయ్యి విదిలించుకుని తడిచీరతో ముందుకొచ్చి కొంగు పట్టిందట. ఆమె వెనక మిగతావాళ్ళు, ఏ వీధని లేకుండా. మీసాలాయన మొహం తిప్పుకుని మామిడితోపు వైపు చూస్తూ నిలబడ్డాడట. వేషం మీద ఇచ్చిన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడా వేషం వీధికో ఏడు వంతున తిరుగుతోంది.

ఈ మధ్య మా కాలనీ వంతు వచ్చినప్పుడు, డిగ్రీ చదివిన పిల్లవాడొకడు ఉడతలాగా ఎక్కి దిగాడు. దిగాక నా దగ్గరికి వచ్చి, “అన్నా, మనోళ్ళలో మొట్టమొదట ఎక్కింది నువ్వే గదా, ఆ కొంగులన్నీ పైనుంచి ఎట్లా కనబడినాయన్నా?” అని అడిగాడు. రంగురంగులుగా చెప్పాను. పసుపు కొంగు, ఎర్రకొంగు, మీసాలాయన కోడలి నీలం కొంగు, అన్నీ కలిసి పందిరేసినట్టు ఉన్నాయన్నాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఊరు ఊరంతా తలెత్తి చూసిన ఆ రోజున, అందరికన్నా మంచి చోటు దొరికింది నాకే. అక్కడ కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను, పిరికి వెధవని.