తుపాను నాటి బొండం

మా అప్ప, అంటే మా అక్క, రోజూ పొద్దున్నే బావ పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసేది. వేలు తీయగానే చర్మం మామూలుగా లేస్తే ఆ పూటకి ఫరవాలేదు. గుంట అలాగే ఉండిపోతే ఒంట్లో నీరు చేరినట్టు. ఇక బావ పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునే దాకా ఆవిడ ముద్ద ముట్టేది కాదు. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు ఉన్న మా ఊళ్ళో వీధివీధికీ కిడ్నీ జబ్బే, ఈ నొక్కుడు సంగతి తెలియని ఇల్లు తక్కువ. రక్తపరీక్షల బండి ఊళ్ళోకి వచ్చిందంటే నేను జీడితోటలోకి జారుకునేవాణ్ణి. తెలుసుకుని చేసేదేముందని నా వాదన.

బావకి కొబ్బరితోట ఉండేది. ఆ తోటలో కాయ ఆయనకే పనికిరాకుండా పోయింది. బొండం ఒక్కటి కూడా తాగొద్దని ఆస్పత్రిలో మొదటిరోజే చెప్పారు. అందులో ఉండే పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవట, అది పేరుకుంటే గుండె ఆగిపోతుందట. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని" అని నేను ఆటపట్టించేవాణ్ణి. మా ఇంటి అల్లుడే కదా. "శని నోట్లో నేదు బావా, నడుంలో ఉన్నాది" అని ఆయన పగలబడి నవ్వేవాడు.

కొన్నేళ్ళ కిందట వచ్చిన పెద్ద తుపానులో కొబ్బరిచెట్లు పడి పలాస దారి మూసుకుపోయింది. పక్క ఊరి డయాలసిస్ మనిషిని మంచం మీద మోసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఆ తరవాతే మా రామమందిరం పెద్దలు, మా ఊరి చర్చి పాస్టరుగారు, పలాసలో కర్రకోత మిల్లు నడిపే మసీదు పెద్ద ఒకచోట కూర్చుని కమిటీ వేశారు. ఊరిని లేపడానికి మందిరం మైకు. తల దాచుకోవడానికి చర్చి హాలు, దానికి గట్టి శ్లాబు ఉంది. గాలి తగ్గగానే మసీదువాళ్ళు పలాస నుంచి మిషను రంపాలతో చెట్లు కోసుకుంటూ రావాలి, మేము ఇటునుంచి కోసుకుంటూ పోవాలి, మధ్యలో కలవాలి. రోగుల్ని పలాస చేర్చడానికి మసీదు వ్యాను.

నాకు కమిటీలంటే ఒళ్ళుమంట. మన కమిటీలన్నీ ఆరంభశూరులేనని అన్నాను. బావ మాత్రం వేళాకోళం చేస్తూనే ప్రతి సమావేశానికీ వెళ్ళేవాడు. "ముగ్గురు దేవుళ్ళు కలిస్తే గాని నన్నొక్కన్ని పలాస సేర్చలేరన్నమాట" అనేవాడు. నా జోస్యం తప్పింది. ఏటా తుపాన్ల కాలం వచ్చే ముందు రంపాలకు పదును పెట్టారు, జనరేటరు తిప్పి చూశారు, వంటకి మూడు గుంపుల ఆడవాళ్ళూ వంతులు వేసుకున్నారు. ప్రతిసారీ ఒక మాట మరీ మరీ చెప్పేవారు: కిడ్నీ జబ్బు మనుషులకి నూతినీళ్ళు పొరపాటున కూడా పట్టకండి. మా జబ్బుకి నీళ్ళే కారణమని మా అందరి నమ్మకం. బొండం మాట ఎవరూ ఎత్తలేదు. జ్వరం వచ్చినా, బాలింతరాలికైనా, ఇంటికి చుట్టమొచ్చినా, అమ్మవారికైనా మేము మొదట ఇచ్చేది అదే. దాన్ని అనుమానించడమంటే తల్లిపాలని అనుమానించడమే.

ఒక ఏడు తుపాను మాకు ఉత్తరాన ఉన్న డొంకూరు వైపు పోతుందన్నారు. మసీదు వ్యాను అక్కడి రోగుల్ని తేవడానికి ముందు అటు వెళ్ళింది. మర్నాడు బావకి డయాలసిస్ వంతు, తెల్లారగానే మా ఊరొస్తామన్నారు. సాయంత్రం కల్లా సముద్రం రంగు మారింది. అలల చప్పుడు ఎప్పటిలా విరిగి విరిగి కాకుండా ఒకటే మూలుగులా వినపడుతోంది. కాకులు ఎటు పోయాయో ఒక్కటీ లేదు. చీకటి పడకుండానే మందిరం మైకు మోగింది. తుపాను దారి మార్చుకుని మా మీదికే వస్తోంది.

చర్చి హాలు నిండిపోయింది. గోవిందా అనేవాళ్ళు అంటున్నారు, ప్రభువా అనేవాళ్ళు అంటున్నారు. తెల్లవారుజామున మొదలైన గాలి మధ్యాహ్నం దాకా కొట్టింది. కిటికీ సందులోంచి చూస్తే మా తోటల్లో చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోతున్నాయి. బావ చూడనన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జబ్బున్నవాళ్ళు ఇంకా ఉన్నా, డయాలసిస్ దాకా వచ్చినవాడు ఆ హాల్లో ఆయనొక్కడే. అప్ప నొక్కి చూసింది. గుంట లేవలేదు. నాకు భయమేసింది. ఆ భయం పైకి కనపడకుండా రంపం పట్టుకుని బయటికి నడిచాను.

దారి కనపడలేదు. చెట్టు మీద చెట్టు, మధ్యలో కరెంటు స్తంభాలు, తీగలు. పాస్టరుగారు పంచె ఎగ్గట్టి మొద్దులు దొర్లిస్తుంటే మందిరం ధర్మకర్త కొమ్మలు లాగుతున్నాడు. పొద్దు వాలుతుండగా పడమటి నుంచి సన్నగా రంపం చప్పుడు వినపడింది. మావాళ్ళు కేకలు పెట్టారు. అటునుంచి కేకలు బదులొచ్చాయి. ఆఖరి మొద్దు అటు ఇటు కోస్తుంటే మసీదు పెద్ద దాని మీంచే చెయ్యి చాచి "మీ బావ ఎలాగున్నాడు?" అని అడిగాడు. ఆ ఘడియలో కమిటీల మీద నా కోపమంతా పోయింది. వాళ్ళ వెనకే ఉన్న వ్యానుని రమ్మని నేను ముందు పరిగెత్తాను.

హాల్లో బావ చాప మీద ఉన్నాడు. పక్కన చెక్కిన బొండాలు ఖాళీగా దొర్లుతున్నాయి. డబ్బాల నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి, నూతుల్లోకి సముద్రం వచ్చేసింది. అప్ప కూలిన ఇంట్లోంచి మందులు వెతికి తేవడానికి వెళ్ళింది. అప్పుడే వంట చూస్తున్న పెద్దమ్మ, ప్రతి సమావేశంలోనూ ముందు కూర్చుని తలూపిన మనిషి, నేల మీద పడ్డ బొండాల్లో మంచివి ఏరి రోగిష్టి మనిషికి ముందు పట్టింది.

"నుయ్యి నీలు సుక్క ముట్టనీయనేదు బాబూ. సెట్టు నీలే పట్టినాను" అంది నాతో, సంతోషంగా.

బావ కేసి చూశాను. ఆయనకి తెలుసు. ఆ పెద్దమ్మకి తెలియదు గాని ఆయనకి తెలుసు.

"మన తోటదే బావా" అన్నాడు. "సెట్టన్నది ఒక్కటీ మిగల్లేదంట కదా. ఇంక మల్లీ ఎప్పుడు తాగుతాను?" కాళ్ళ కేసి చూసుకుని, "కాల్లు నావి కానట్టున్నాయి" అన్నాడు.

దారి తెరిచే ఉంది. అంత శుభ్రంగా ఆ దారిని నేనెప్పుడూ చూడలేదు. వ్యానులో ఒక పక్క పాస్టరుగారు, ఒక పక్క మసీదు పెద్ద పట్టుకుని కూర్చున్నారు. మందులతో తిరిగొచ్చిన అప్ప బావ తల ఒళ్ళో పెట్టుకుంది. పలాస రైలుగేటు కనపడుతుండగా ఆవిడ ఒక్క అరుపు అరిచింది. నేను డ్రైవరుని ఆపమనలేదు. ఆస్పత్రి దాకా పోనిమ్మన్నాను.

తరవాతి సమావేశంలో పెద్దమ్మ గోడకి తల బాదుకుని ఏడ్చింది. అప్పే వెళ్ళి పట్టుకుంది. "నీ తప్పేటి పెద్దమ్మా, నీకెవులు సెప్పినారు?" అంది. అందరి వైపూ తిరిగి, "ఇకనుండి హాలు గుమ్మంలో నాను ఉంటాను" అంది. అప్పటినుంచి తుపాను పేరు వినపడితే చాలు అప్ప గుమ్మంలో నిలబడుతుంది. ఎవరి చేతిలో బొండం ఉన్నా లాగేసుకుని, అది ఎవరు తాగబోతున్నారో, వాళ్ళకి జబ్బుందో లేదో చూసి గాని ఇవ్వదు. అమ్మవారి పళ్ళెంలోది కూడా వదలదు. ధర్మకర్త ఒకసారి నొచ్చుకున్నాడు గాని పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ గుమ్మంలో ఉండగా లోపలికి వచ్చే రోగులు ఏటేటా ఎక్కువవుతున్నారు.

ఈరోజు మళ్ళీ మైకు మోగింది. పొద్దుటి నుంచీ గాలి ఆడటం లేదు. కాకులు లేవు. సముద్రం మూలుగుతోంది. మసీదు వ్యాను ఈసారి ముందుగానే వచ్చి రోగుల్ని ఎక్కించుకుంటోంది. మందిరం బియ్యం మూటలు హాల్లోకి మోసి మోసి నా గొంతెండిపోయింది. కొత్తగా వేసిన పొట్టి చెట్టు నుంచి ఒక బొండం దింపి, చెక్కించుకుని, నోటి దగ్గర పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాను.

అప్ప లాగేసుకుంది.

"నాకేటయిందే?" అన్నాను, నవ్వుతూనే.

ఆవిడ నవ్వలేదు. బొండం కింద పెట్టి, వంగి, నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. చాలాసేపు నొక్కింది. వేలు తీశాక ఇద్దరం తలొంచి చూస్తూ నిలబడ్డాం. గుంట లేవలేదు.

"వ్యాను ఎక్కు తమ్ముడా" అంది అప్ప.