ఉడకబెట్టిన రెక్కలు

పోయిన నెల మా అక్క మనవరాలి నిశ్చితార్థంలో అక్క చిన్న కోడలు నన్ను పెళ్ళికొడుకు తల్లికి పరిచయం చేసింది. "ఈమె మా చిన్నత్తమ్మ. విమానం గుడ్డను ఉడకబెట్టింది ఈమెనే" అంది. ఆవిడ నవ్వింది, పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. మా బావకు ఎనభై దాటాయి, పిలిస్తే వినిపించదు. ఆ ఒక్క మాట మాత్రం ఎలా వినిపించిందో, అందరికంటే పెద్దగా నవ్వాడు. చేతిలోని ఖుబానీ కా మీఠా గిన్నె అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను. ఇన్నేళ్ళుగా మా చుట్టాలు ఈ కథను సగమే చెబుతున్నారు. గుడ్డ ఉడికిన గుండిగ దగ్గర మొదలుపెట్టి గుండిగ దగ్గరే ఆపేస్తారు. మిగతా సగం రాసిపెట్టే పని నాకే పడింది.

ఎనభైల చివర మేము ఛత్రినాకలో ఉండేవాళ్ళం. మా బావ, అంటే అక్క భర్త, వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో చేరాడు. ఆదివారాలు క్లబ్బుకు వెళ్ళి విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకన్నది వేరే ఫిర్యాదు, ఇక్కడ వద్దు. అక్కవాళ్ళింట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. ఛత్రినాకలోనే కాదు, మాదన్నపేట నుంచి కూడా ఆడవాళ్ళు కొలతలివ్వడానికి నా దగ్గరికే వచ్చేవారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, గుడ్డ గురించి ఏమీ తెలియని మనిషిగా నన్ను చూపించడం వీళ్ళకు అలవాటైపోయింది కనక.

బావ ఒక కంపెనీకి రాసి విడిభాగాలుగా తెప్పించుకున్న విమానం చెక్కపెట్టెల్లో వచ్చింది. లారీ గల్లీలోకి పట్టక మూల మీదే ఆగిపోతే పెట్టెలను తోపుడుబండి మీద తెచ్చారు. లోపల అల్యూమినియం గొట్టాలు, అంకెలు వేసిన పొట్లాల్లో బోల్టులు, ఒక చిన్న ఇంజను, రెండు సీట్లు, తెల్లటి గుడ్డ తాను ఒకటి, ఎలా బిగించాలో చెప్పే పుస్తకం ఒకటి. గొట్టాలు బిగించుకుంటూ పోతే విమానం అవుతుందట. ఎదురింటి పతంగుల దుకాణం ముసలాయన బయటికి వచ్చి అన్నీ చూసి, "ఇంత పెద్ద పతంగికి మాంజా ఏడ దొరుకుతది భాయ్?" అన్నాడు. మా బావ నవ్వలేదు. సీట్లు రెండూ వాకిట్లో పక్కపక్కన పెట్టి, "మీ అక్కకు బస్సెక్కితేనే కళ్ళు తిరుగుతయి. ఒకటి నాది, ఒకటి నీది. రెక్కలకు గుడ్డ మాత్రం నువ్వే కుట్టాలె మరదలా" అన్నాడు. సాక్షి మా అక్క. ఇప్పుడడిగితే గుర్తులేదంటుంది.

కొత్త గుడ్డను తడపకుండా కత్తెర పెట్టడమంటే నా పనిలో పాపంతో సమానం. ముందే ముడుచుకోనివ్వకపోతే తర్వాత జాకెట్టు ముడుచుకుని ఆడవాళ్ళు ఇంటి మీదికి వస్తారు. ఆ తెల్లగుడ్డ పెళపెళలాడుతూ ఉంది, గంజి పెట్టారనుకున్నాను. బోనాలప్పుడు చుట్టాలందరికీ వండే పెద్ద గుండిగలో నీళ్ళు సలసల కాగబెట్టి, తానంతా వేసి, కర్రతో తిప్పి, మిద్దె మీద ఆరేశాను. గంజి పోలేదని మళ్ళీ ఉడికించాను. రెండు వారాలు కూర్చుని నాలుగు పెద్ద తొడుగులు కుట్టాను. కుట్టు వంకర పోయిందని ఈరోజుకీ ఎవరూ అనలేదు, అది నిజం.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ గుడ్డది మన గుడ్డలకు పూర్తిగా తిరగబడిన స్వభావం. వదులుగా తొడిగి, మీద ఇస్త్రీపెట్టె పోనిస్తే అప్పుడు ముడుచుకుని డోలు తోలులా బిగుస్తుంది. ఆ ముడుచుకునే గుణం చాలావరకు నా గుండిగలోనే ఖర్చయిపోయింది. బావ ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు, రెక్క మీద గుడ్డ పాత లంగాలా వేలాడుతూనే ఉంది. సంగతి బయటపడ్డాక వాకిట్లో నిలబడి గల్లీ అంతా వినేలా అరిచాడు.

"పులుసు పెట్టినవా గుడ్డను? పుస్తకంల రాసి ఉన్నది!"

"పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది బావా. నువ్వు చదివినవ్ గదా, నాకు చెప్పినవా?"

"విమానం గుడ్డను ఉడకబెడతరని ఎవడనుకుంటడే! ఇగ నువ్వు రెక్కల జోలికి రాకు."

సీటు సంగతి అతను ఎత్తలేదు, నేనూ అడగలేదు. కానీ వాకిట్లో ఉన్న రెండో సీటును ఆ సాయంత్రమే గోనెపట్టాతో కప్పేశాడు. కంపెనీకి ఉత్తరం రాస్తే మళ్ళీ గుడ్డ రావడానికి ఏడాది పడుతుందన్నారు. బావ వాకిట్లోకి రావడమే మానేశాడు. గొట్టాల మీద అక్క గిన్నెతుడుపు బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.

నాకు నిద్రపట్టలేదనను. పట్టింది. లేచాక ఆలోచించాను. గుడ్డ ముడుచుకోవాలంటే దానికి అంతకుముందు వేడి తగలకూడదు. టెరిలిన్ మీద కూడా ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువ వేడైతే ముడుచుకోవడం నేను చూశాను. దుకాణాల్లో దొరికే టెరిలిన్‌కు మిల్లులోనే వేడి పెట్టి, రంగులద్ది పంపుతారు. మగ్గం మీది నుంచి దిగింది దిగినట్టుగా, ఏ పనీ చేయని కోరా టెరిలిన్ దొరికితే? పొద్దున్నే పత్తర్‌గట్టీకి బయలుదేరాను. మూడు దుకాణాలవాళ్ళు నవ్వి పంపారు. నాలుగో దుకాణం సేటు, తాతల నాటి నుంచి అక్కడే ఉన్న మనిషి, నలభై గజాల కోరాగుడ్డ అనగానే లేచి నిలబడి గొంతు తగ్గించాడు.

"అయ్యో. ఇంట్ల ఎవరు పోయిండ్రమ్మా?"

"ఎవరూ పోలేదన్నా. పోకుండ ఉండాల్నని తీసుకుంటున్న."

సంగతంతా చెప్పాను. "హవాయీ జహాజ్? ఛత్రినాకల?" అని పక్కదుకాణం వాళ్ళను కూడా పిలిచి నాతో మళ్ళీ చెప్పించాడు. నాలుగుసార్లు తిప్పించుకున్నాడు, ఆ లెక్క కూడా నాకు గుర్తుంది. అయినా గుడ్డ తెప్పించాడు. మూరెడు ముక్క కత్తిరించి, పాత ఫోటో చట్రానికి వదులుగా అంటించి, బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టాను. నెమ్మదిగా ముడతలన్నీ పోయాయి. గోటితో కొడితే ఠంగుమంది. ఆ చట్రం తీసుకెళ్ళి, భోంచేస్తున్న బావ కంచం పక్కన పెట్టాను. ఎడమచేతి గోటితో ఒకసారి కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. "ఏడ దొరికింది?" అన్నాడు. అంతే. క్షమించమనలేదు, ఇప్పటికీ అనలేదు. ఆ గుడ్డ పట్టీకి ఇసుక సంచులు వేలాడదీసి రోజుల తరబడి పరీక్షించాడు. కంపెనీకి ముక్క పంపి, అది పనికొస్తుందని జవాబు వచ్చాకే, నేను మళ్ళీ కుట్టిన తొడుగులను రెక్కకు తొడగనిచ్చాడు. ఎగరడానికి అనుమతి ఇచ్చే ముందు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కుట్టు మీద వేలు పోనిచ్చి, "ఇది ఎవరి పని?" అని అడిగాడు. బావ "ఇంట్లవాళ్ళది" అన్నాడు. ఇంట్లవాళ్ళట!

నగరం అవతల ఒక పాత రన్‌వే మీద బావ ముందు ఒంటరిగా ఎగిరాడు. తర్వాత రెండో మనిషి బరువుతో ఎగిరి చూడాలన్నాడు. ఆ బరువుకు ఇసుక మూట కావాలి, దాన్ని కుట్టడానికి మళ్ళీ నేనే కావాలి. "డెబ్భై అయిదు కిలోలు పట్టాలె" అన్నాడు. సంచి కుట్టి ఇచ్చాను. కుట్టాక కిరాణా దుకాణానికి వెళ్ళి బియ్యం తూచే కాటా మీద నిలబడ్డాను. నలభై ఎనిమిది.

"బావా, నేను నలభై ఎనిమిది ఉన్న. డెబ్భై అయిదు ఎవరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. బావ పళ్ళెం వైపు చూస్తూ, "మా సార్. ఫ్యాక్టరీల నా సెలవులకు సంతకం పెట్టేది ఆయననే. ఒక్కపారి కూసుంట అన్నడు, ఏం చేస్త?" అన్నాడు. ఆ సార్ మా ఇంటికొచ్చి, గుండిగ కథ విని, "టిఫినా విమానమా?" అని నవ్విపోయిన మనిషే.

ప్రతిసారీ రెక్కలు ఊడదీసి టెంపో మీద తీసుకెళ్ళి, అక్కడ బిగించాక, రెక్క మొదట్లో గుడ్డ అంచులను వంకరసూదితో లాగి కట్టాలి. ఆ కట్టు నాకే వచ్చు కనక నన్ను తీసుకెళ్ళక తప్పదు. ఇసుక మూట నా సీట్లో కూర్చుని గాలిలోకి వెళ్ళిరావడం చూశాను. మరుసటి ఆదివారం సార్ వచ్చే రోజు. రెండు రెక్కలకూ కట్టు పూర్తిచేసి, బావ తన లెక్కప్రకారం ఒక్కో బోల్టు చూసుకుని వచ్చేలోపు, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కొంగు నడుముకు బిగించి, రెండో సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. సార్ నల్లకళ్ళద్దాలతో, కొత్త చొక్కాతో కారు దిగాడు.

"దిగు. సార్ వచ్చిండ్రు."

"చూసిన. నమస్తే సార్. నీడకు కూసోండ్రి, నేను పోయొచ్చినంక మీరు పోదురు."

"లొల్లి చెయ్యకు మరదలా!"

"లొల్లి నువ్వు చేస్తున్నవ్. డెబ్భై అయిదు కిలోల ఇసుకను మోసింది, నన్ను మొయ్యదా? ఇంజను శురూ చెయ్యి."

సార్ కళ్ళద్దాలు తీసి చూసి, "పోనియ్యండయ్యా, ఆమెనే కుట్టిందంట కదా" అన్నాడు. ఆ మాట బావ నోట రావాల్సింది. పరాయి మనిషి అన్నాడు.

పైన ఏం కనిపించిందని అందరూ అడుగుతారు. బండరాళ్ళు, ఒక చెరువు, తడి పొలాలు కనిపించే ఉంటాయి. నేను రెక్కనే చూస్తూ కూర్చున్నాను. గాలి కొడుతుంటే గుడ్డలో ఒక్క ముడత లేదు. బావ ఇంజను హోరులో నా వైపు వంగి ఏదో అన్నాడు. వినిపించలేదు. దిగాక అడిగితే ఏమీ అనలేదన్నాడు. అది క్షమాపణే అయ్యుండాలని నేను తీర్మానించుకున్నాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రెక్కలు ఎప్పుడో చిరిగిపోయాయి, బావ పళ్ళు ఊడాయి, నా చేతుల మీది చర్మం ఉడికిన గుడ్డలాగే వదులైంది. ఇన్నేళ్ళ కాలం వదులు చేయలేకపోయింది ఒక్కటే, ఆ ఆదివారం నేను బిగించుకున్న బెల్టు.