బోర్లించిన మూకుడు లాంటి అగ్నిపర్వతం

ఇది రాయడం ఎందుకులే అని ఫోను పక్కన పెట్టేశాను. అంతలో పొయ్యి మీద మక్క గటక, అదే మొక్కజొన్న రవ్వ సంకటి, తుపుక్కున ఎగిరి చెయ్యి కాలింది. ఆ మంటతోనే రాస్తున్నాను.

సిద్దిపేటలో మన ఈడువాళ్లకు కట్టెల పొయ్యి, దాని మీద గటక గుర్తుండే ఉంటాయి. గటక చిక్కన. లోపలి ఆవిరికి దారి దొరకక పేలుతుంది. గంజి పల్చన. చప్పుడు లేకుండా కుండ అంచు దాటి పారుతుంది, పొయ్యి ఆర్పేసి మరీ పోతుంది. భూమి లోపల కరిగిన రాయీ అంతే. పగులు దొరికితే పైకొస్తుంది. చిక్కనిదైతే పేలి, నిటారు కొండ కడుతుంది. పల్చనిదైతే దూరందాకా పారి, పొర మీద పొర పేరుకుని, బోర్లించిన మూకుడులా వెడల్పాటి కొండ అవుతుంది. గ్రంథాలయంలో ఇదంతా చదివి, ఏడో తరగతిలో బడి ప్రదర్శన కోసం ఎర్రమన్నుతో ఆ రెండో రకం చేశాను.

సోషల్ సారు చూసి, "ఏందిరా, రొట్టెల పెంక బోర్లేసినవ్?" అన్నాడు.

"అగ్నిపర్వతమే సార్. పల్చటి లావాది గిట్లనే ఉంటది."

"పర్వతమంటే శిఖరముండాలె. బతుకమ్మ లెక్క పైకి పేర్చుకరా, బల్ల మీద పెడ్త."

"గట్ల పేరిస్తే అది వేరే రకమైతది సార్."

"అయితే నీ రకం ఇంట్లనే చూస్కో, పో."

బల్ల నిండా బతుకమ్మల్లాంటి కొండలే నిలబడ్డాయి. నాకు చోటు లేదు. ఇన్నేళ్లయినా అది మింగుడుపడదు. నిన్న మా వీధి బడి ప్రదర్శనకు వెళ్తే అక్కడా అన్నీ శిఖరాలే.

సారు పొమ్మన్న ఆనాటి సాయంత్రం నా కొండను ఇంటికి మోసుకొచ్చాను. అవ్వ దాన్ని నీళ్లలో నానబెట్టి పొయ్యికి మెత్తింది.