సున్నం వేడికి ఉడికిన టాంజియా

మర్రాకేష్‌లో మహ్జూబ్ మాస్టారంత బాగా వేడి లెక్కలు కట్టినవాడు లేడు, ఆయన క్లాసు నుంచి నా అంత వేగంగా పారిపోయినవాడూ లేడు. రసాయనశాస్త్రం చెప్పి చెప్పి రిటైరయ్యాక కూడా, పుదీనా టీలో వేసిన చక్కెర ఎన్ని మోల్లో తేల్చనిదే ఆయన గ్లాసు ఎత్తడు. నేను సున్నం పూత పనివాణ్ణి. నేను నున్నగా రుద్దిన గోడ మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నమ్మనివాళ్లు వెళ్లి ఈగనే అడగండి.

మాస్టారికి ఒకటే కోరిక: మా పూతపనివాళ్ల వనభోజనంలో చాప మీద చోటు. బూషాయిబ్ మేస్త్రీదేమో ఒకటే షరతు: టాంజియా, అదే మట్టికుండలో మాంసం కూర, వండలేనివాడు మాతో కూర్చోకూడదు. నిరుడు మాస్టారి కుండలో మాంసం పచ్చిగానే ఉండిపోయింది. ఈసారీ అంతే అయితే ఆ మాట ఇక ఎత్తకూడదని ఒప్పందం.

తీరా ఆ రోజుకి హమ్మాం, అదే ఊరి స్నానాల ఇల్లు, మూత. వానల్లేక వారంలో కొన్ని రోజులు స్నానాలు బంద్ పెట్టారు. కుండ ఉడకాల్సిన అక్కడి నీళ్ల పొయ్యి బూడిద చల్లారిపోయింది. తోటలో నిప్పు రాజేస్తే కాపలాదారు ఊరుకోడు.

"రొట్టె, ఆలివ్‌లు తినేసి ఇళ్లకి పోదాం మాస్టారూ," అన్నాడు మేస్త్రీ, నవ్వాపుకుంటూ.

"ఉండవయ్యా. మీ బండి మీద కాల్చిన సున్నపు గడ్డలున్నాయిగా? పది కిలోలు ఇవ్వు. ఒరేయ్ జిలాలీ, మోల్ అంటే ఏంటో చెప్పు!"

"నేను పారిపోయిన క్లాసులో మీరు చెప్పింది, మాస్టారూ," అన్నాను.

"యాభై ఆరు గ్రాముల సున్నం ఒక మోల్‌రా. అది ఒక మోల్ నీళ్లు తాగితే అరవై అయిదు కిలోజౌళ్ల వేడి కక్కుతుంది. పది కిలోలకి పదకొండు వేల పైచిలుకు. ఈ కుండకి బోలెడు!"

గుంత తీశాం. కుండని రేకు డబ్బాలో పెట్టి మూత బిగించి, చుట్టూ సున్నం పోశాం. మాస్టారు మమ్మల్ని దూరం జరిపి, లెక్క ప్రకారం మూడు లీటర్ల చిల్లర నీళ్లు పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరికి పైన పోతున్న కొంగ ఉడికిపోయిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. కాసేపటికి బుస ఆగిపోయింది.

"నీళ్లు తాగి నిద్రపోయింది మీ సున్నం," అన్నాడు మేస్త్రీ.

మాస్టారి మొహం వాడిపోయింది. కర్రతో కెలికి చూశాడు. పైన పొడి, అడుగున రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుని పకపకా నవ్వాడు.

"మోల్‌కి మోల్ కాగితం మీద సరిపోతుందయ్యా! ఆ వేడికి నీళ్లు ఆవిరై ఎగిరిపోతే రాళ్లకి మిగిలిందేది? పోయిన నీళ్లు లెక్కలో వేసుకోలేదు నేను. ఇంకో అంత పట్రండి!"

ఈసారి గుంత కుతకుతలాడింది. పైన గోనెలు, మట్టి కప్పేశాం. మధ్యాహ్నం నమాజు వేళకి పెట్టింది సాయంత్రం నమాజు పిలుపు దాకా చెయ్యి పెట్టనివ్వలేదు.

కుండ మూతికి కట్టిన కాగితం విప్పగానే జీలకర్ర, నిమ్మ ఊరగాయ వాసన గుప్పుమంది. మేస్త్రీ ఎముక పట్టి లాగితే ఎముక ఒక్కటే వచ్చింది, మెత్తబడ్డ మాంసం కుండలోనే ఉండిపోయింది. ఆయన వేళ్లు నాక్కుని, చాప మీద కాస్త జరిగి తన పక్కన చోటు చేశాడు.

మాస్టారు చెప్పులు విప్పాడు.

కూర వాసన పట్టిన ఆ తడి సున్నం వృథా ఎందుకని మేస్త్రీ మరునాడు ఓ గోడకి పూయించాడు. ఆ వీధి పిల్లులు ఇప్పటికీ ఆ గోడని నాకుతుంటాయి.