ఒకే నంబరుకు ఇద్దరు

వెంకటలక్ష్మి పుట్టింది హంసలదీవి దగ్గర, వేటకెళ్లే వాళ్ల ఇంట్లో. గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదివి, ధనరాజును పెళ్లాడి బందరు వచ్చింది. అతను వ్యానులో గుడివాడకు చేపలు తోలతాడు. ఆమె ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తుంది.

తీరిక దొరికితే ఆమెకు ఇంకో పని ఉంది. ప్రోగ్రాములు రాసే ఒక భాషను ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా తయారు చేస్తున్నారు. అందులో తప్పులు వెతకడం ఆమెకు సరదా.

“అమ్మాయ్, ఇంతకీ ఆ కంప్యూటర్‌ని ఏం అడుగుతుంటావు?” అంది అత్తగారు కోటమ్మ, రొయ్యలు వలుస్తూ.

“ఇప్పుడు నిన్ను వాడుతున్నది ఎవరని అడుగుతున్నానత్తయ్యా. ఒకసారి ఈ భాషలో, ఒకసారి కంప్యూటర్ సొంత కమాండుతో. రెండూ ఒకే పేరు చెప్పాలి. ఈ భాషతో పాటే వచ్చే పరీక్ష ఇది.”

“నేనూ మార్కెట్లో ఇద్దర్ని అడక్కుండా ఏదీ కొనను” అంది కోటమ్మ, మెచ్చుకోలుగా.

ఆ కంప్యూటర్‌లో భార్యాభర్తలకు చెరో ఖాతా ఉంది. లక్ష్మి ఖాతాలో జవాబులు కలిశాయి. ధనరాజు ఖాతాలోకి వెళ్లి మళ్లీ అడిగింది. కమాండు ధనరాజు అంది. భాష మాత్రం లక్ష్మి అంది. ఆమె ఎగిరి గంతేసి భర్తకు ఫోన్ చేసింది.

“ఏవండీ, అంత పెద్ద భాషలో తప్పు పట్టాను.”

“అయితే పండుగప్ప ఒకటి అమ్మకుండా ఉంచుతాలే.”

ఆ తప్పు గురించి రాసి పంపే ముందు ఖాతాల వివరాలు తెరిచి చూసింది. ఇద్దరి పేర్లకూ ఒకటే నంబరు. పెళ్లయిన కొత్తలో తన ఫొటోలు అతనికీ తెరుచుకోవాలని తనే అలా పెట్టింది. కంప్యూటర్ మనిషిని నంబరుతోనే గుర్తుపడుతుంది. కమాండు లోపలికొచ్చేటప్పుడు ఇచ్చిన పేరే చెప్పింది; భాష ఆ నంబరు వెతికి, జాబితాలో ముందు కనిపించిన పేరు చెప్పింది. లక్ష్మికి సిగ్గేసింది. మళ్లీ ఫోన్ చేసింది.

“చేప వద్దులెండి. తప్పు మనింట్లోనే ఉంది.”

“ఎవరింట్లో ఉంటేనేం, పట్టావుగా” అని నవ్వాడతను.

ఆ మాటతో ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఇలా నంబరు పంచుకునేవాళ్లు ఇంకెక్కడైనా ఉండరా? వాళ్లకీ ఈ పరీక్ష భాషలో లేని తప్పు చూపిస్తుంది. అంటే సరిచేయాల్సింది పరీక్షనే. పేర్లు కాకుండా నంబర్లు పోల్చేలా మార్చి, తను చేసిన నిర్వాకం కూడా దాచకుండా రాసి పంపింది.

ఆ వారంలోనే జవాబొచ్చింది. తమ పాత యంత్రంలోనూ ఇదే తంతనీ, కారణం తెలియక ఇన్నాళ్లూ భాషనే తిట్టుకున్నామనీ ఆ భాష తయారుచేసేవాళ్లలో ఒకాయన రాశాడు. ఆమె మార్పును తీసుకున్నారు. ఇకపై ఖాతాలకు సంబంధించిన పరీక్షలన్నీ చూసుకుంటారా అని కూడా అడిగారు.

లక్ష్మి ఆ ఉత్తరాన్ని అత్తకూ భర్తకూ తెలుగులో చదివి వినిపించింది. కోటమ్మ శ్రద్ధగా విని, “ఆళ్లంతా నీ మాట వింటారా అయితే?” అంది.

“ఈ ఒక్క విషయంలో వింటారత్తయ్యా.”

“చాల్లే, మనింట్లో నా మాటకు అదీ లేదు” అన్నాడు ధనరాజు.

నవ్వు ఆపుకుంటూనే ఆమె ‘సరే, చూసుకుంటాను’ అని టైపు చేసి పంపింది.