యాదవ్వత్త బొడ్ల డబ్బా

మా కొత్తవాడలో ఎవరికి కాన్పయినా జనం ఆడపిల్లా, మగపిల్లాడా అని అడుగుతారు. యాదవ్వత్త మాత్రం "బొడ్డు ఊడిందా?" అని అడిగేది. ఊడలేదంటే మొహం చిన్నబుచ్చుకుని పోయి, మర్నాడు మళ్లీ వచ్చేది. ఊడిందంటే ఆ ఎండిన ముక్కను గుడ్డలో చుట్టి, మగ్గం మీది రంగు నూలుపోగుతో కట్టి, తన బిస్కట్ల డబ్బాలో వేసుకునేదాకా ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టేది కాదు.

ఎండిన బొడ్డు మందని మావాళ్ల నమ్మకం. పిల్లలకు జబ్బు చేస్తే తల్లిపాలలో అరగదీసి నాకించేవారు. అందుకని ఎవరింటి బొడ్డు వాళ్లు దాచుకుంటారు. మా వాడలో మాత్రం అన్నీ అత్తవే.

ఆమె భర్త కైలాసం మామ మగ్గం గుంటలోంచే గొణిగేవాడు. "ఇంట్ల చక్కెర డబ్బా లేదు గని బొడ్ల డబ్బా ఉన్నది. ఓనాడు చాయ్‌ల ఏస్తవే నువ్వు."

"ఏస్తే నీ దగ్గన్న తగ్గుతది. నేసుకో."

మా వాడ కుర్రాడు కట్టయ్య పెళ్లిపందిట్లో, వాడి అత్తగారి ముందే యాదవ్వత్త వాణ్ని ఆపి, "నీది పచ్చపోగు బిడ్డా, పదిలంగున్నది, ఫికర్ జెయ్యకు" అంది. పాపం, పెళ్లికొడుకు తలంబ్రాలయ్యేదాకా తలెత్తలేదు.

నాకు పిల్లల్లేరు. పిల్లల్లేనివాళ్లు బొడ్డు దొంగిలించి మింగుతారని, దాంతో పసిబిడ్డకు కీడని ఇంకో నమ్మకం. నాకేమో పసిపిల్లలంటే ప్రాణం. ఏ పురిటింటి గడప తొక్కినా ఎవరేమంటారోనని జంకుతూనే ఉండేదాన్ని.

డెబ్బై నాలుగులో మల్లక్క మనవడి బొడ్డు ఊడి, ఎక్కడో పోయింది. పిల్లాడు అప్పుడు నా ఒళ్లో ఉన్నాడు. మల్లక్క పక్కబట్టలన్నీ దులిపి నా వైపు తిరిగింది.

"శ్యామలా, పిల్లగాన్ని ఇటియ్యి. జర నీ కొంగు ముడి ఇప్పు."

నేను ముడి మీద చెయ్యి వేశాను. గడపలోంచి యాదవ్వత్త గొంతు వినబడింది.

"దాన్నెందుకడుగుతవు? బొడ్డు నా దగ్గర్నే ఉన్నది. పొద్దుగాల నువ్వు నీళ్లకు పోయినప్పుడు తీస్కపోయిన."

ఆమె చేయదగ్గ పనే కనక ఎవరికీ అనుమానం రాలేదు. మూట తెస్తానని పక్కనే ఉన్న తన ఇంటికే పోయినా, తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఎర్రపోగు మూట విప్పి చూపించి, "పిల్లగాన్ని శ్యామల ఒళ్లెనే ఉండనియ్యి" అంది.

కొన్నాళ్లకు వాడికి కడుపుబ్బితే మల్లక్క ఆ ముక్కనే అడిగి తీసుకుని అరగదీసి నాకించింది. తగ్గిపోయింది. వాడవాళ్లంతా డబ్బా మహిమను పొగుడుతుంటే నేను అత్తను పక్కకు లాగాను.

"నిజంగ నువ్వే తీస్కపోయినవా అత్తా?"

"ఏ ఎలుక ఎత్కపోయిందో నాకేమెరుక. గా మూటలది శొంఠిముక్క."

"మరి గిన్నేండ్లు ఈ డబ్బా ఎందుకు?"

"మొదట్ల మన వాడ సమ్మమ్మ నిన్ను పురిటింట్లకు రానియ్యలే, యాదికున్నదా? గా దినమే బొడ్లకని ఈ బిస్కట్ల డబ్బా ఖాళీ చేసిన. అందరియి నా దగ్గరుంటే నిన్నెవరడుగుతరే, పిచ్చిదానా."

ఆ తర్వాత మా వాడలో పుట్టిన ప్రతి పిల్లనూ నేను కరువుతీరా ఎత్తుకున్నాను. అదంతా యాదవ్వత్త పెట్టిన భిక్షే.

ఆ పిల్లాడు, శ్రీనివాస్, ఇప్పుడు నాకంటే పొడుగు. తన బొడ్డే తనను బతికించిందని అందరికీ చెబుతాడు. నేను కాదనను. వాడొచ్చినప్పుడు చాయ్‌లో శొంఠి కాస్త ఎక్కువ వేస్తాను.